సరస్సుల దారి నడిచి వచ్చిన పిల్ల

తిరుపతి స్టేషన్‌లో బండి దిగిన మేనకోడలి వీపు మీది సంచి అందుకోబోతే, "గడ్‌సర్ కనుమ దాకా నేనే మోశాను మామయ్యా, ఆటో దాకా మోయలేనా?" అంది.

కాశ్మీరులో సోనామార్గ్ దగ్గర మొదలై, విషన్‌సర్, కృష్ణసర్ సరస్సుల మీదుగా హర్‌ముఖ్ పర్వతం పాదాల దగ్గరున్న గంగాబల్ వరకు సాగే ఆ దారిలో, సుమారు 4,200 మీటర్ల ఎత్తున్న కనుమను తోటి యువతీయువకులతో కలిసి దాటింది. అక్కడ గాలి పలుచబడుతుంది కాబట్టి, అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందుంచి, వారి అడుగును బట్టే మిగిలినవారు నడిచారట.

అలిపిరిలో 3,550 మెట్లూ గబగబా ఎక్కేసి, పైన మా కోసం విసుగ్గా ఎదురుచూసే పిల్ల ఈ మాట చెప్పడం, ఆ నీలి సరస్సుల ఫోటోలన్నిటికన్నా నాకు ఎక్కువ ఆనందం కలిగించింది.

మోకాళ్ల నొప్పులతో కొండకు నడవడం మానుకున్న మా అక్కను వచ్చే నెల తానే మెట్లెక్కిస్తానంటోంది. నేనూ వెళతాను.