మెత్తటి కణజాలం బిగిసిపోతే

ఒంగోలులో నేను ఫిజియోథెరపీ చేసే గదికి షుగర్ ఉన్నవారు ఎవరు వచ్చినా, చెప్పుకునే బాధ భుజానిదైనా మడమదైనా, ముందుగా రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టమని అడుగుతాను. కొందరికి అరచేతులు కలుస్తాయి గానీ వేళ్లు పూర్తిగా ఆనవు. చిటికెన వేలి దగ్గర మొదలైన సందు ఉంగరపు వేలి దాకా కనిపిస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి అప్పటిదాకా దానిని వారు పట్టించుకొని ఉండరు. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర చర్మంలోనూ, కీళ్లను చుట్టి ఉండే పొరల్లోనూ ఉన్న కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకొని, పక్కపక్క పోగులను ఒకదానితో ఒకటి ముడివేయడంతో, అవి జారుతూ సాగే గుణాన్ని క్రమంగా కోల్పోతాయి. షుగర్ ఉన్నవారికే భుజం ఎక్కువగా పట్టేయడానికి ఇది ఒక కారణమని భావిస్తున్నారు.

అలా పట్టేసిన భుజాన్ని పరీక్షించేటప్పుడు మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పుతాను. నొప్పికి భయపడి కండరం బిగబట్టిన చెయ్యి అయితే, కాసేపు మాటల్లో పెట్టి ఆగితే కొంత వదులవుతుంది. కీలు పొర బిగిసిన చెయ్యి మాత్రం ఒక చోటికి వచ్చేసరికి తోలు పటకాను లాగినట్టు ఆగిపోతుంది. ఎంత ఓపిక పట్టినా ఆ రోజుకు అంతకు మించి కదలదు. ఈ తేడాను వేళ్లతో తెలుసుకోవడమే మా వృత్తిలో సగం పని అని నా నమ్మకం.

వేళ్లకు తెలిసే ఈ బిగువు అంకెల్లో చెప్పగలిగిన భౌతిక రాశి కూడా. దానిని పాస్కల్‌లలో కొలుస్తారు; వెయ్యి పాస్కల్‌లు ఒక కిలోపాస్కల్. మెదడు బిగువు ఒకటి రెండు కిలోపాస్కల్‌ల ప్రాంతంలోనూ, విశ్రాంతిగా ఉన్న కండరానిది పది కిలోపాస్కల్‌లకు అటూ ఇటూగానూ ఉంటే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌ది సుమారు వంద కోట్ల పాస్కల్‌లు ఉంటుంది. మెత్తటి కణజాలమని ఒకే పేరుతో పిలిచే వాటి మధ్య లక్షల రెట్ల తేడా ఉందన్న మాట. పైగా ఒకే టెండన్‌కు కూడా అన్ని వేళలా ఒకే బిగువు ఉండదు. విశ్రాంతిలో దాని కొలాజెన్ పోగులు అలలు అలలుగా ముడుచుకొని ఉంటాయి కాబట్టి మొదట సులువుగా సాగుతుంది. అలలన్నీ విప్పుకొన్న తరువాత హఠాత్తుగా ఎదురు తిరుగుతుంది. సాగదీసి అలాగే పట్టి ఉంచితే, పట్టి ఉంచడానికి కావలసిన బలం కొద్ది కొద్దిగా తగ్గుతూ వస్తుంది. అందుకే కుదుపులతో వ్యాయామం చేయించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను; నెమ్మదిగా సాగదీసి అర నిమిషం నిలపడంలో ఉన్న ప్రయోజనం పది కుదుపుల్లో లేదు.

లోపలి అవయవాలకు మా వేళ్లు చాలవు. మామూలు అల్ట్రాసౌండ్ కూడా బిగువును నేరుగా చూపలేదు, ఎందుకంటే ఆ ధ్వని మెత్తటి కణజాలాలు చాలావాటిలో దాదాపు ఒకే వేగంతో, సెకనుకు సుమారు 1540 మీటర్లతో పోతుంది. అడ్డంగా కదిలే షియర్ తరంగం అలా కాదు. బిగువును బట్టి దాని వేగం సెకనుకు ఒక మీటరు నుంచి పది మీటర్ల దాకా మారుతుంది. కాలేయాన్ని పరీక్షించే ఫైబ్రోస్కాన్ అనే పరికరం పక్కటెముకల సందులో చర్మంపై చిన్న తాకిడితో ఈ తరంగాన్ని పుట్టించి, అది లోపల ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్‌తో గమనిస్తుంది. వేగం సెకనుకు ఒక మీటరైతే బిగువు సుమారు 3 కిలోపాస్కల్‌లు, రెండు మీటర్లైతే 12 కిలోపాస్కల్‌లు; వేగం రెట్టింపైతే బిగువు నాలుగింతలవుతుంది. మచ్చకట్టుతున్న కాలేయాన్ని కామెర్లు కనిపించక ముందే సూదితో పొడవకుండా ఇలా గుర్తించవచ్చు. భోజనం చేసి వెళితే కాలేయానికి రక్తం ఎక్కువగా చేరి అంకె పెరుగుతుంది కాబట్టి, కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకుండా వెళ్లాలి.

మన ప్రాంతంలో బిగుసుకుపోవడానికి మరొక కారణం ఉంది, అది తాగే నీటిలో ఉంది. ఎముకలను పాడుచేసే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా నుంచే ప్రచురించారు. ఈ జబ్బు కనిపించే కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో ఎముక మందం కావడమే కాక, వెన్నుపూసలను కలిపే లిగమెంట్లలోనూ, ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొరలోనూ సున్నం పేరుకొని, సాగవలసిన చోట ఎముకే తయారవుతుంది. పక్కన ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూసే పెద్దవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

షుగర్ వల్ల బిగిసిన భుజం నెలల తరబడి ఓపికతో చేయించే వ్యాయామంతో చాలావరకు వదులవుతుంది, కానీ ఎముకగా మారిన లిగమెంటును ఏ వ్యాయామమూ తిరిగి మెత్తబరచలేదు. అందుకే అలాంటివారితో ముందుగా నీటి సంగతి మాట్లాడతాను. ఆ తరువాత ఛాతీ చుట్టూ టేపు పెట్టి, గాలి వదిలినప్పుడు ఎంత, నిండా పీల్చినప్పుడు ఎంత అని కొలుస్తాను. పక్కటెముకల కీళ్లు కూడా బిగిస్తే ఆ తేడా తగ్గిపోయి ఆయాసం వస్తుంది. మిగిలి ఉన్న ఆ కాస్త కదలిక పోకుండా శ్వాస వ్యాయామాలు నేర్పి పంపిస్తాను.