ఉల్లిపాయ వేగే వాసన

బడి నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి వంటింట్లోంచి ఉల్లిపాయ ముక్కలు నూనెలో వేగుతున్న వాసన వస్తే, బడిలో ఎన్ని చీవాట్లు తిన్నా నా మనసు కుదుటపడేది. ఇప్పటికీ ఏ కిటికీలోంచైనా ఆ వాసన తగిలితే నాకు మళ్లీ 9 ఏళ్లు వచ్చేస్తాయి. చూపు, వినికిడి మెదడు లోపల కూడలిలా పనిచేసే థాలమస్ గుండా మెదడు పై పొరకు చేరుతుండగా, వాసన మాత్రం భావోద్వేగాలకు నెలవైన అమిగ్డలాకూ, జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్‌కూ దగ్గరి దారిన చేరుతుందట. వాసనను పసిగట్టే గ్రాహకాలను కనుగొన్నందుకే శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి దక్కింది.

అయితే నాకు రుచికన్నా ఎక్కువగా గుర్తున్నవి చప్పుళ్లు. గిన్నె అడుగున అంటుకున్న మాడు పొరను అమ్మ గరిటెతో గీకుతుంటే, ఆ కరకరలాడే ముక్క కోసం నేనూ తమ్ముడూ చేతులు చాచి ఎదురుచూసేవాళ్లం. అమ్మ దాన్ని సరిగ్గా సగానికి విరిచేది. ఎప్పుడైనా ఒక సగం పెద్దదైతే, అంచు కాస్త తుంచి తన నోట్లో వేసుకునేది. నాన్న ఆలస్యంగా వచ్చిన రాత్రుళ్లు, మూత పెట్టిన కంచం పక్కనే అమ్మ కూడా తినకుండా కూర్చుని ఉండేది. మేము మాత్రం కడుపునిండా తిని, ఆ మూత తీసిన చప్పుడు నిద్రలో వినేవాళ్లం.