బోరు మోటరు తగిలించక ముందే లాగుల పైపులైను సంగతి తేల్చుకోండి

రాప్తాడు వైపు చేలల్లో స్టార్టర్ పెట్టెల పక్కన రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతంత చిన్న కంప్యూటర్లు) పెట్టి, బోరు మోటరు ఎప్పుడు ఆడింది, ఎప్పుడు ట్రిప్పయింది అనే లాగులను, అంటే నమోదు వరసలను, అనంతపురంలోని మా సర్వర్‌కి తెచ్చుకుంటాం. బోర్డు నుంచి సర్వర్ దాకా ఉన్న ఈ దారినే పైపులైను అంటాం. లాగులను మోసుకొచ్చేది ఫ్లూయెంట్ బిట్. సీ భాషలో రాసిన తేలికైన ప్రోగ్రాం, అంత చిన్న బోర్డు మీద కూడా హాయిగా నడుస్తుంది.

కొత్తగా చేరిన తమ్ముడు అడిగినాడు: "అన్నా, నేరుగా మోటరుకే తగిలిచ్చి చూస్తే పోలా?" మోటరు ఎన్నిసార్లు ఆగిందో మనకే తెలియనప్పుడు, సర్వర్‌లో నలభై వరసలు కనబడితే అన్నీ వచ్చినట్టా, కొన్ని దారిలో పోయినట్టా?

అందుకే ముందు ఫ్లూయెంట్ బిట్‌లోనే ఉన్న రాండమ్ ఇన్‌పుట్ పెట్టాలి, అది తనంతట తానే ఏవో అంకెలతో రికార్డులు పుట్టిస్తుంది. శాంపుల్స్ 100, ఇంటర్వల్_సెక్ 1, ఇంటర్వల్_ఎన్‌సెక్ 0. సెకనుకొకటి చొప్పున వంద రికార్డులు పుడతాయి. శాంపుల్స్ రాయకుంటే డిఫాల్ట్ -1, అంటే మనం ఆపేదాకా వస్తూనే ఉంటాయి, లెక్కకు అందవు. ఒక్కో రికార్డులో రాండ్_వాల్యూ అనే ఒకే ఒక్క ఫీల్డు. అంకె ఏదైనా కానీ, వంద బయల్దేరితే వంద చేరాల్సిందే.

ముందు అవుట్‌పుట్‌ని, అంటే రికార్డులు చేరే చోటుని, స్టాండర్డ్ అవుట్‌కి పెట్టి తెర మీద చూడండి. తర్వాత సర్వర్‌కి మార్చి, సగం దారిలో నెట్టు తీసేయండి. అసలు పరీక్ష ఇదే. చేలల్లో సిగ్నల్ వచ్చిపోతుంటుంది, పంపడం విఫలమైతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో చెప్పే రీట్రై_లిమిట్ డిఫాల్టేమో 1. ఆ ఒక్క మళ్లీ ప్రయత్నమూ విఫలమైతే ఆ రికార్డుల ముక్కను అక్కడికక్కడే పారేస్తుంది. రీట్రై_లిమిట్‌ని నో_లిమిట్స్ చేయండి, చేరేదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కరెంటు పోయి బోర్డు ఆగితే మెమరీలో ఉన్నదీ పోతుంది కాబట్టి రికార్డులు డిస్కు మీద దాచుకునేలా, కాన్ఫిగ్ ఫైలు సర్వీస్ భాగంలో స్టోరేజ్.పాత్, ఇన్‌పుట్‌లో స్టోరేజ్.టైప్ ఫైల్‌సిస్టమ్, రెండూ రాయాలి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే పని జరగదు. రైతు మోటరు కాలిన రోజు లాగే లేకపోతే మనం ఆయనకు ఏం చెప్పగలం?

ఇంకొకటి. ఈ రాండ్_వాల్యూ విలువలు 20 అంకెల దాకా ఉంటాయి. బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ భాష 9007199254740991 దాటిన సంఖ్యలను కచ్చితంగా పట్టుకోలేదు. బ్రౌజర్ డాష్‌బోర్డులో చివరి అంకెలు తేడాగా కనబడితే పైపులైనును అనుమానించకండి, ఎన్ని వచ్చాయో లెక్కబెట్టండి.

లాగు వరసను విడదీసి ఫీల్డులుగా మార్చే పార్సర్‌ని పరీక్షించడానికి మాత్రం రాండమ్ పనికిరాదు. దానికి, మనం రాసిచ్చిన వరసనే పంపే డమ్మీ ఇన్‌పుట్‌లో అచ్చం మీ మోటరు లాగులాంటి వరసే పెట్టుకోండి.