భీమిలికి ఒక్కరోజు: ముందు ఊరు, దారి తర్వాత

విశాఖ నుంచి భీమిలి దాదాపు 30 కిలోమీటర్లు. బీచ్ రోడ్డు మీద గంట, మహా అయితే గంటన్నర. ఇంత దగ్గర కాబట్టే చాలామందికి ఆ రోజు పాడవుతుంది. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరి, కైలాసగిరిలో కాసేపు, రుషికొండలో కాసేపు ఆగి, భీమిలి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి పడవలు ఒడ్డెక్కేసి ఉంటాయి, చేపలు అమ్ముడైపోయి ఉంటాయి, ఇసుక కాళ్ళు కాలుస్తుంటుంది. రెండు ఫొటోలు దిగి "ఏముందండీ ఇక్కడ" అనుకుంటూ తిరుగుముఖం పడతారు. భీమిలిలో ఉన్నదంతా పొద్దున్నే ఉంటుంది. దారిలో ఎక్కడా దిగకుండా ముందు ఊరు చేరండి, ఆగే పనులన్నీ తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.

రైల్వేస్టేషన్ నుంచి 900కే బస్సు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది. లోపలి దారిన పోయే బస్సులూ ఉన్నాయి, వాటిలో సముద్రం కనబడదు. ఎక్కేముందు "బీచ్ రోడ్డేనా" అని కండక్టర్ని అడిగితే సరిపోతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. ఆరున్నర, ఏడుకల్లా దిగేలా చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కార్తీకమాసం ఆదివారాలు, ముక్కనుమ మాత్రం వద్దు, పిక్నిక్ జనంతో కాలు పెట్టే చోటుండదు.

దిగగానే నేరుగా ఒడ్డుకి నడవండి. అలివి వల లాగుతుంటే అదృష్టమే. వలకి రెండు కొసల తాళ్ళు, ఒక్కో తాడు పట్టుకుని ఒక్కో జట్టు. మొదట దూరదూరంగా నిలబడి లాగుతారు, వల దగ్గరపడే కొద్దీ రెండు జట్లూ ఒకరివైపు ఒకరు జరుగుతారు. చివర్న వచ్చేది సంచి, చేపంతా అందులోనే. కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు కలగలిసి ఉంటాయి. పనికిరానివి అక్కడే ఇసుకలో విసిరేస్తారు. వాటిలో జెల్లీచేప ఉంటే చచ్చిందే కదా అని ముట్టుకోకండి, చచ్చాక కూడా కుడుతుంది. లాగుతున్న తాడు దాటొద్దు, పిల్లల్ని అస్సలు దాటనివ్వొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద చేప కోసం వెళ్ళడం దండగ.

చేప కొనాలంటే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. మీరు సాయంత్రం దాకా తిరుగుతారు కనుక థర్మాకోల్ పెట్టె, కేజీ చేపకి కేజీ ఐసు తప్పనిసరి. ఐసు లేకపోతే కొనకండి. ముఖ్యంగా కానాగంతలు. ఎండలో కొన్ని గంటలుంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పేరుకుంటుంది, ఎంత ఉడికించినా పోదు. తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి.

ఎండ ముదరకముందే పాత ఊరు నడవండి. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థావరం పెట్టి బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి సమాధుల తోటలో గచ్చుతో కట్టిన ఎత్తయిన సమాధులున్నాయి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి, చదవాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. పొద్దున్నే వెళ్ళమనడానికి అదో కారణం. దయచేసి వాటి మీద కూర్చోకండి, పేర్లు గీయకండి. గడియార స్తంభం, దీపస్తంభం, చర్చి అన్నీ నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాయి.

ఒకప్పుడు ఓడలొచ్చిన ఇంత రేవు ఎందుకు మూతబడిందో ఒడ్డున నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ లోపలి హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే, కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మాసూలా పడవలు అలల మీదుగా సరుకు మోసేవి. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకి పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. తర్వాత రైలుమార్గం ఊరిని తాకకుండా లోపలినుంచి పోయింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. సరుకంతా అటే మళ్ళింది.

గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. చూడ్డానికి నీరు నెమ్మదిగా ఉంటుంది, నమ్మకండి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నదినీరు సముద్రంలోకి గట్టిగా లాగుతుంది, ఇసుకమేట ఎప్పటికప్పుడు జరుగుతుంది. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర మోకాలు దాటి దిగొద్దు. మిగతా తీరంలోనూ అల విరగకుండా నల్లగా కనిపించే పాయ ఉంటే అదే ప్రమాదం. లాక్కుపోతుంటే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు, ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి.

మధ్యాహ్నం భోంచేసి నీడపట్టున ఉండండి. వేసవిలో అయితే ముంజలు, చలికాలంలో తేగలు దొరుకుతాయి.

మూడున్నరకి బయల్దేరి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. భీమిలికి దగ్గరే. గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక ఇది, రేణువుల చుట్టూ ఇనుము తుప్పులా పట్టి ఎర్రబడింది. వానలు దాన్ని కోసి లోతైన వాగులు చేశాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలోనే ఆ గోడల గీతలన్నీ కనబడతాయి. గోడ చూస్తే రాయిలా ఉంటుంది కానీ వేలితో గోకితే రాలిపోతుంది. అందుకే అంచు మీద నిలబడొద్దు, కింద నీడని చూసి గోడకి ఆనుకుని కూర్చోవద్దు. వాన పడిన మర్నాడు వెళ్ళనే వద్దు. లోపల అన్ని మలుపులూ ఒకేలా ఉంటాయి, వెళ్ళేటప్పుడు ఒక తాటిచెట్టు గుర్తుపెట్టుకోండి. మనిషికి లీటరు నీళ్ళు, పట్టున్న చెప్పులు. చీకటి పడేలోపు రోడ్డెక్కాలి. జాతీయ భూవారసత్వ సంపద ఇది, ఒక్క పిడికెడు మట్టి కూడా తేవద్దు.

తొట్లకొండ కూడా ఇదే సాయంత్రం పెట్టుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధ క్షేత్రం అది, స్తూపం, విహారాలు, రాతిలో తొలిచిన తొట్లు చూడటానికి మరో పూట కావాలి.

తెల్లబట్టలు వేసుకోకండి. ఎర్రధూళి అంటితే ఇంటికొచ్చి ముందు పొడిగా దులిపి, ఆ తర్వాతే తడపండి. దులపకుండా తడిపితే ఆ రంగు వదలదు.