వేళ్లు ఎందుకు ఆడిస్తున్నారో ఎవరూ చెప్పలేదు

ర్యాలీలు చేసే ఓ గ్రూపులో చేరాను. మొదటి మీటింగ్‌లో నాకు అర్థమైంది ఒక్కటే: నాకు తప్ప ఇక్కడ అందరికీ ఏదో తెలుసు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు చేతులు పైకెత్తి వేళ్లు ఆడిస్తున్నారు. ఒకమ్మాయి రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టింది, అంతే, గదంతా నిశ్శబ్దం. వేళ్లాడిస్తే 'సరే' అని, చేతులు అడ్డం పెడితే 'దీన్ని జరగనివ్వను' అని మూడో వారానికి గానీ తెలియలేదు. అప్పటిదాకా నేనూ అందరితోపాటు వేళ్లాడించాను, దేనికి ఒప్పుకుంటున్నానో తెలియకుండానే!

మా గ్రూపులో నాయకుడు లేడు, ఓటింగ్ లేదు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే. నచ్చకపోతే పక్కకు తప్పుకోవచ్చు. ఒక్కరు గట్టిగా అడ్డుపడితే మాత్రం నిర్ణయం ఆగిపోతుంది. 1960లో అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం విద్యార్థులు పెట్టుకున్న ఎస్ఎన్‌సీసీ అనే సంఘం మీటింగులు కూడా ఇలాగే గంటలకు గంటలు సాగేవట. ఆ ఓపిక వాళ్లకెలా వచ్చిందో గానీ, నాకు మాత్రం మొదట్లో తలనొప్పే.

ఆరు నెలలకు కొత్తవాళ్లను చూసుకునే పని నాకొచ్చింది. పావుగంట ముందే రమ్మని సైగలు నేర్పేదాన్ని. పక్కన ఒక పాత సభ్యురాలినో సభ్యుడినో కూర్చోబెట్టేదాన్ని. మూడో మీటింగ్ నుంచి అడ్డుపడే హక్కు కూడా ఉంటుందని చెప్పేదాన్ని. పని బాగానే చేస్తున్నానని మురిసిపోయాను.

ఒకరోజు ర్యాలీ పనులు పంచుకుంటున్నాం. మూడోసారి వచ్చిన ఓ అబ్బాయి, "ఈ తేదీ ఎప్పుడు నిర్ణయించారు?" అన్నాడు. మీటింగ్‌లో అనుకున్నవి రాసే మినిట్స్ పుస్తకం తిరగేశాం. ఎక్కడా లేదు. మీటింగ్ అయ్యాక మెట్ల మీద కూర్చుని ఐదుగురం అనేసుకున్నది అది. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. ఆ రోజు తనకు పరీక్ష ఉందంటూ అతను చేతులు అడ్డం పెట్టాడు. "మాకూ పరీక్షే" అని ఇంకో నలుగురు కొత్తవాళ్లు మెల్లగా అన్నారు. వాళ్లకు సైగలు నేర్పింది నేనే, నోరు విప్పే ధైర్యం ఇచ్చింది మాత్రం అతను.

గంటన్నర వాదన. పోస్టర్లు అప్పటికే అచ్చయ్యాయి, కోపాలొచ్చాయి, ఒక పాత మిత్రుడు లేచి వెళ్లిపోయాడు. చివరికి ర్యాలీని వారం వాయిదా వేశాం.

ఇప్పుడు మినిట్స్ అతనే రాస్తున్నాడు. మెట్ల మీద మాలో ముగ్గురు కనిపించినా చాలు, పుస్తకం పట్టుకుని వచ్చేస్తాడు.