పేరు మారినా లేబుల్ మారలేదు

బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులో రాత్రి పదయ్యింది. మా సర్వీసు రోజూ ఒక రిపోర్టు తయారుచేసి వెబ్ సర్వర్ ఫోల్డర్‌లో పెట్టాలి. సగం రాసిన ఫైలు ఎవరి కంటా పడకూడదని ముందు టెంప్ ఫోల్డర్‌లో రాసి, పూర్తయ్యాక రీనేమ్ చేసేదాన్ని. కొత్త మెషీన్‌లో బ్రౌజర్ తెరిస్తే 403, అంటే చూడనివ్వనంది. పర్మిషన్లు చూశాను, 644, అంటే ఎవరైనా చదవొచ్చు. ఓనర్ కూడా సరిగ్గానే ఉంది.

"అక్కా, సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా కొట్టేద్దాం, రేపు చూసుకుందాం" అన్నాడు పక్క సీటు కడప తమ్ముడు. అంటే ఎస్ఈలినక్స్‌ని అడ్డు చెప్పకుండా చెయ్యడం. నేను ఒప్పుకోలేదు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో లేబుళ్ళు చూసి తేల్చే ఈ ఎస్ఈలినక్స్ 2003 నుంచీ లినక్స్ కెర్నెల్‌లో ఉంది. అది వద్దన్నదంటే కారణం ఉంటుంది, ఆ కారణం చూడకుండా కాపలా తీసేస్తే ఎలా?

ఫైళ్ళ లేబుళ్ళు చూపించే 'ఎల్ఎస్ మైనస్ క్యాపిటల్ జెడ్' కొట్టగానే తెలిసింది. ఫైలు కొత్త ఫోల్డర్‌లో ఉన్నా, లేబుల్‌లో టైపు మాత్రం టెంప్ ఫైళ్ళకుండే 'యూజర్_టీఎంపీ_టీ'. లేబుల్ ఫైలుకే అంటుకుని ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్‌గా ఉంటుంది. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో రీనేమ్ చేస్తే పేరే మారుతుంది, లేబుల్ పుట్టినచోటిదే ఉండిపోతుంది.

రీనేమ్ అయ్యాక, లేబుల్ మార్చే సెట్‌ఫైల్‌కాన్ ఫంక్షన్‌తో దిద్దొచ్చు. కానీ ఆ మధ్యలో, క్షణమైనా, ఫైలు తప్పు లేబుల్‌తో ఉంటుంది. అది నాకు నచ్చలేదు. పుట్టడమే సరైన లేబుల్‌తో పుట్టాలి. అందుకే సెలేబుల్_ఓపెన్‌తో పాలసీలోని, ఏ పాత్‌కి ఏ లేబుల్ అని చెప్పే పట్టిక తెరిచి, ఫైలు చివరికి చేరే పూర్తి పాత్ ఇచ్చి సెలేబుల్_లుకప్‌తో లేబుల్ అడిగాను. దాన్ని, కొత్త ఫైలు ఏ లేబుల్‌తో పుట్టాలో కెర్నెల్‌కి చెప్పే సెట్‌ఎఫ్ఎస్‌క్రియేట్‌కాన్‌కి ఇచ్చి, ఆ తర్వాత ఫైలు ఓపెన్ చేశాను. వెబ్ సర్వర్ చదవగలిగే టైపు 'హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీ' కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే ఇంకో చిక్కు. మా లాగ్ ఫైలుకీ అదే లేబుల్ పడింది! సెట్‌ఎఫ్ఎస్‌క్రియేట్‌కాన్ ఒక్క ఫైలుకి కాదు, ఆ థ్రెడ్ ఇక మీద సృష్టించే ప్రతి ఫైలుకీ. పని కాగానే, పాత పద్ధతికి తిప్పడానికి, నల్ (ఖాళీ విలువ) ఇచ్చి దాన్ని మళ్ళీ పిలవాలి. ఎర్రర్ వచ్చి మధ్యలో బయటికొచ్చే దారిలోనూ పిలవాలి, నేను మరిచింది అక్కడే.

మర్నాడు రివ్యూలో తమ్ముడే ఇంకోటి పట్టాడు: లుకప్ ఇచ్చిన లేబుల్ స్ట్రింగ్‌కి, దాని మెమరీ వదిలేసే ఫ్రీకాన్ లేదు. రోజుల తరబడి నడిచే సర్వీసులో అది మెమరీ లీకే. ఆ లైను తనచేతే రాయించాను.