చింతగింజలు, గులకరాళ్లు: నివారణ శిక్షణలో నా అనుభవం

మా సంస్థ ఆఫీసులో బీరువా మీద ఒక ఫ్లెక్సీ చుట్టి పెట్టి ఉంది. విప్పితే ఒక పుర్రె, దాని పళ్ల మధ్య సిగరెట్, కింద ఎర్రటి అక్షరాలతో ‘మత్తు – మృత్యువుకు మెట్టు’ అని కనిపిస్తాయి. ఆ ప్రాస కట్టింది నేనే. ఆరేళ్లపాటు ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినాన, వరంగల్ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల పిల్లల చేత ఆ ఫ్లెక్సీ పట్టించి ఊరేగింపు తీశాను. దాన్ని బీరువా ఎక్కించింది ఒక ఐదు రోజుల శిక్షణ. ఆ ఐదు రోజుల్లో చోటు సంపాదించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నేను సోషల్ వర్క్‌లో ఎంఏ చదివాను. చిన్న స్వచ్ఛంద సంస్థలో పాఠశాలల కార్యక్రమాలు చూస్తాను. వ్యసనానికి వైద్యం చేసే చోట పనిచేసేవారికి ఏదో ఒక శిక్షణ ఉంటుంది. పిల్లలు ఆ దారి పట్టకుండా ముందే పనిచేసే మాలాంటివారికి శిక్షణ అవసరమని ఎవరూ అనుకోరు. మా కార్యదర్శిగారు కూడా, “పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పడానికి నువ్వు హైదరాబాద్ వెళ్లి నేర్చుకునేది ఏముందమ్మా?” అన్నారు. నిజం చెప్పాలంటే లోపల నాకూ అదే అభిప్రాయం. సర్టిఫికెట్ ఉంటే వచ్చే ఏడాది ప్రాజెక్టుకు పనికొస్తుందనే దరఖాస్తు పెట్టాలనుకున్నాను.

శిక్షణల కబురు మన దాకా చేరే తీరే ఒక ప్రహసనం. వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్రకటన పంపుతారు. ఆత్రంగా తెరిచి చూస్తే గడువు మొన్ననే ముగిసి ఉంటుంది. ఒక్క ఏడాదిలో మూడుసార్లు ఇలా జరిగాక, కబురు నన్ను వెతుక్కుంటూ రాదని తేల్చుకుని ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ప్రతి సోమవారం పొద్దున టీ తాగుతూ మూడు చోట్ల చూడటం అలవాటు చేసుకున్నాను. ఒకటి, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఢిల్లీలో ఉన్న జాతీయ సామాజిక రక్షణ సంస్థ. రెండు, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న వ్యసన వైద్య కేంద్రం. దాని ఆన్‌లైన్ తరగతులు ఎక్కువగా చికిత్స వైపు పనిచేసేవారికే, అయినా చెవిన వేసుకోవడానికి మంచివి. మూడు, ఇసప్ అనే అంతర్జాతీయ సంఘం. ఈ రంగంలో పనిచేసేవారు ఎవరైనా అందులో ఉచితంగా సభ్యులు కావచ్చు. వెబినార్లు, కోర్సులు, ఉపకార వేతనాల కబుర్లు అక్కడ ఒకే చోట దొరుకుతాయి.

ఇసప్ వెబినార్ మొదటిది విన్న తీరు చెప్పాలి. జనవరిలో ఒక రోజు, మధ్యాహ్నం మూడు గంటలకని రాసి ఉంది. ఆ పూట బడికి వెళ్లడం మానుకుని, మూడింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాలుగైనా ఒక్క ముఖమూ కనిపించలేదు. అది లండన్ మూడు గంటలని, మనకు రాత్రి ఎనిమిదిన్నర అని అప్పటికి గాని తట్టలేదు. రాత్రి అన్నం కంచం పక్కన పెట్టుకుని విన్నాను. ఇప్పుడు ఎవరికి ప్రకటన పంపినా పైన మన టైము రాసి మరీ పంపుతాను.

ఇక దరఖాస్తు. కొలంబో ప్లాన్ అనే అంతర్జాతీయ సంస్థ వారు తయారు చేయించిన యూనివర్సల్ ప్రివెన్షన్ కరికులమ్ అనే నివారణ పాఠ్యక్రమం ఒకటి ఉంది. అందులో సమన్వయకర్తల కోసం తొమ్మిది కోర్సులు. నివారణ శాస్త్ర పరిచయం, మత్తు పదార్థాలు శరీరంలో చేసే పని, ఫలితాల కొలత మొదలుకొని కుటుంబం, బడి, పనిచేసే చోటు, పరిసరాలు, ప్రసార మాధ్యమాలు, సమాజం దాకా ఒక్కో దానికి ఒక్కో కోర్సు. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆ పాఠాలను ఆధారం చేసుకుని ఐదు రోజుల శిక్షణ పెడుతోందని తెలిసి ఫారం నింపాను. లెటర్‌హెడ్ మీద సిఫారసు లేఖ, అనుభవ పత్రం, ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక పేజీ. లేఖ మీద ముద్ర లేదని ఒకసారి, ఫైలు బరువు ఎక్కువైందని ఒకసారి వెనక్కి వచ్చాయి. ఇవి అందరికీ ఉండే తంటాలే.

నన్ను నిలబెట్టేసింది ఫారంలోని ఒక ప్రశ్న: ‘మీ పని వల్ల ఇప్పటివరకు వచ్చిన మార్పును ఎలా కొలిచారు?’ ఇరవై రెండు ర్యాలీలు, నాలుగు వేల ప్రతిజ్ఞలు అని గొప్పగా రాశాను. సీటు రాలేదు. తర్వాతి విడతలో అదే ప్రశ్న ముందు చాలాసేపు కూర్చుని, ‘కొలవలేదు. ఎలా కొలవాలో తెలియదు’ అని రాశాను. వెయిటింగ్ జాబితాలో పడి, మొదలవడానికి రెండు రోజుల ముందు రమ్మని ఫోను వచ్చింది. ఆ జవాబు వల్లే పిలిచారో, ఎవరైనా మానుకున్నారో అడగలేదు.

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. ఫీజు లేదు గానీ బస ఖర్చు మనదే. చింతల్‌లో మా పిన్నిగారింట్లో దిగి ఐదు రోజులూ రెండు బస్సులు మారుతూ తిరిగాను. తరగతిలో ఇరవై ఆరుగురం. టీచర్లు, కౌన్సెలర్లు, ఒక ఎక్సైజ్ ఎస్సై, ఇద్దరు నర్సులు.

కూర్చోగానే ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టారు. పాఠం చెప్పకముందే పరీక్ష ఎందుకని గొణుక్కుంటూ రాశాను. నాకు తొమ్మిది వచ్చాయి. ‘కింది వాటిలో పాఠశాలలో పనిచేయని పద్ధతి ఏది?’ అన్న దానికి జవాబు: భయపెట్టే చిత్రాలు. నేను ఇంకేదో పెట్టాను.

శిక్షకురాలు నెమ్మదస్తురాలు. ఐరాస మాదకద్రవ్యాల కార్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో సవరించి వెలువరించిన అంతర్జాతీయ నివారణ ప్రమాణాల్లోంచి ఒక పేజీ తెర మీద పెట్టారు. భయం పుట్టించడం, ఊరికే సమాచారం చెప్పి వదిలేయడం, ఒకప్పుడు మత్తుకు బానిసైన వ్యక్తిని తెచ్చి అనుభవం చెప్పించడం, వీటివల్ల ఫలితం ఉండదనీ కొన్నిసార్లు ఎదురు తిరగవచ్చనీ అందులో ఉంది. ఆవిడ ఒక్కో వాక్యం చదువుతుంటే నా ఆరేళ్ల వార్షిక నివేదిక ఎవరో పైకి చదువుతున్నట్టు అనిపించింది. అమెరికాలో డేర్ అనే కార్యక్రమం సంగతి కూడా చెప్పారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై, పోలీసులే తరగతి గదులకు వెళ్లి పాఠాలు చెబుతూ దేశమంతా పాకింది. తీరా పరిశోధకులు లెక్క చూస్తే, అది విన్న పిల్లలకూ వినని పిల్లలకూ మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరికి పాఠ్యక్రమమే మార్చుకోవాల్సి వచ్చింది. ఎక్సైజ్ ఎస్సైగారు గట్టిగా దగ్గారు.

నాకు మాత్రం మూడేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. గంజాయి మానేసిన ఒక యువకుణ్ని ఒక బడికి తీసుకెళ్లాను. ఎంత పోగొట్టుకున్నాడో కన్నీళ్లతో చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివర్లో తొమ్మిదో తరగతి కుర్రాడు లేచి అడిగిన ప్రశ్న: “అన్నా, మొదటిసారి తాగినప్పుడు ఎలా అనిపించింది?” అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. వాడు అడిగింది ఎంత కీలకమైన మాటో ఆ రోజు పట్టుకోలేకపోయాను. పిల్లలకు మనం చెప్పే నీతి కాదు, ఆ కథలోని మజా ఎక్కుతోంది.

రెండో రోజు శరీర శాస్త్రం. నేను సైన్సు చదవలేదు కాబట్టి భయపడ్డాను గానీ, ఆ రోజే ఎక్కువ నేర్చుకున్నాను. ఒక నర్సమ్మ తమ ఊరి కల్లు సంగతి ఎత్తారు. కల్లు దొరకని రోజు మనుషులకు చేతులు వణుకుతాయి, పిచ్చిగా మాట్లాడతారు, మూర్ఛలు వస్తాయి. అది కల్లు మహిమ కాదు, అందులో కలిపే అల్ప్రాజోలం లాంటి మత్తుమందుది. అటువంటి వారికి ‘ఈ క్షణం నుంచే మానెయ్’ అని చెప్పడం ప్రమాదమనీ, వైద్యుడి దగ్గర మెల్లగా మాన్పించాలనీ శిక్షకురాలు చెప్పారు. ‘వెంటనే మాన్పించండి’ అన్న మాట నేను ఎంతమంది తల్లులతో ధైర్యంగా చెప్పానో లెక్కలేదు. మరో విషయం వైట్‌నర్, బాన్‌ఫిక్స్ అనే జిగురు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం పెద్దల కంటే పిల్లల్లో వాడకం ఎక్కువగా కనిపించింది ఈ పీల్చే పదార్థాల్లో మాత్రమే. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. మేమేమో బళ్లలో గంజాయి గురించే అరుస్తూ వచ్చాం.

నాలుగో రోజు శిక్షకురాలు నేర్పిన ఒక కసరత్తే నాతోపాటు ఇంటికి వచ్చింది. తోటివాళ్లంతా సిగరెట్ తాగుతున్నారని పిల్లలు అనుకుంటారట. అసలు సంఖ్య అంతకంటే చాలా తక్కువ ఉంటుందట. ‘అందరూ చేస్తున్నారు’ అన్న ఆ తప్పుడు లెక్కే చాలామందిని అటు తోస్తుంది. ఆ లెక్కను పిల్లల చేతే సరిచేయించాలి.

తిరిగి రాగానే ఒక బడిలో హెడ్మాస్టరుగారిని అనుమతి అడిగి పదో తరగతిలో చేశాను. పిల్లలు ముప్పై ఎనిమిది మంది. ముందు చీటీల మీద రాయించాను: ‘మీ తరగతిలో ఎంతమంది సిగరెట్ గానీ గుట్కా గానీ రుచి చూసి ఉంటారు?’ పేర్లు వద్దు, అంకె చాలు. తర్వాత ఒక్కొక్కరికి ఒక చింతగింజ, ఒక గులకరాయి ఇచ్చాను. ఎన్నడూ ముట్టనివారు చింతగింజను, ముట్టినవారు రాయిని గుడ్డ కప్పిన స్టీలు డబ్బాలో వేయాలి. మిగిలినదాన్ని పక్కనున్న సంచిలో పడేయాలి. మొదటి పిల్ల లేవబోతుంటే చివరి బెంచీ నుంచి ఒకడు, “మేడమ్, డబ్బాలో రాయి పడితే చప్పుడు వేరేగా వస్తుంది” అన్నాడు. నిజమే. చింతగింజ టిక్కుమంటుంది, రాయి ఠంగుమంటుంది. తరగతి మొత్తం చెవులు రిక్కించి కూర్చుంటుంది. ఐదు రోజుల శిక్షణలో ఎవరికీ తట్టని లోపం అది. నా చున్నీ మడిచి డబ్బా అడుగున పరిచాను. ఒక పిల్ల తన రుమాలు ఇచ్చి సంచిలోనూ వేయించింది.

చీటీల్లో ఎక్కువమంది పదిహేను నుంచి ఇరవై ఐదు దాకా రాశారు. ఒకరు ముప్పై అన్నారు. డబ్బా బల్ల మీద బోర్లించి, ఇద్దరు పిల్లల చేత లెక్క పెట్టించాను. రాళ్లు ఐదు. ఒకసారి కాదు, మూడుసార్లు లెక్కపెట్టారు. ముప్పై అని రాసిన వాడెవడో గానీ, “అంతేనా?” అన్న గొంతు వెనక నుంచి వినిపించింది. ఆ మాట కోసమే ఈ తతంగమంతా. నేను ఇంకేమీ చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

అన్ని చోట్లా ఇలా కుదరలేదు. బస్టాండు దగ్గరి మరో బడిలో డబ్బాలోకి తొంగి చూస్తే రాళ్లు చాలా ఎక్కువ కనిపించాయి. లెక్క పెద్దదైతే బయట పెట్టొద్దనీ, అది ఎదురు సందేశం ఇస్తుందనీ శిక్షకురాలు ముందే హెచ్చరించారు. డబ్బా మూసేసి, ‘వద్దు’ అని స్నేహితుడికి ఎలా చెప్పాలో జంటలుగా అభినయం చేయించాను. ఆ రోజు బడి వదిలాక ఒక పిల్లవాడు సైకిల్ పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మాట్లాడాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 వాడి నోటుబుక్కు వెనక రాసిచ్చాను. తర్వాతి వారం వాళ్లమ్మతో ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లాం. ‘పోలీసు కేసు అవుతుందా?’ అన్నది ఆమె మొదటి భయం. పిల్లవాడు పీల్చేది బాన్‌ఫిక్స్, దానికి కేసేమీ ఉండదు. గంజాయి లాంటి వాటి విషయంలోనూ మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ స్వయంగా చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు రక్షణ కల్పిస్తుందని శిక్షణలోనే విన్నాను.

పరిసరాల పాఠం మరీ అంత సాఫీగా సాగలేదు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదన్నది 2003 నాటి చట్టం. మా బడి ఎదుటి కిరాణా కొట్టుకు ముప్పై మీటర్ల టేపుతో కొలిస్తే ఒక్క టేపు పొడవు కూడా రాలేదు. వంద గజాలంటే తొంభై ఒక్క మీటర్లు! కొట్టాయనకు చెప్పాను. “జరిమానా రెండు వందలే కదమ్మా” అన్నాడు నింపాదిగా. పిల్లలకు పొగాకు ఇస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చెప్పాక ముఖం మారింది. మర్నాటికి సిగరెట్ పెట్టెలు అరల్లోంచి బల్ల కిందికి దిగాయి. అంతవరకే. ఆయన కూతురు అదే బడిలో ఏడో తరగతి. ఇంతకంటే గట్టిగా వెళ్లాలా వద్దా అని నేనింకా తేల్చుకోలేదు.

శిక్షణ చివరి పరీక్షలో నాకు పదిహేడు వచ్చాయి. సర్టిఫికెట్ వచ్చింది. ప్రాజెక్టు మాత్రం రాలేదు.

జూన్ దగ్గర పడగానే హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. “మేడమ్, ర్యాలీ మానేస్తే పైవాళ్లకు ఫొటోలు ఏమి పంపాలి?” అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది. అరగంట ర్యాలీ తీయడానికి, పుర్రె ఫ్లెక్సీ లేకుండా, ఒప్పుకున్నాను. దానికి బదులుగా ఎనిమిదో తరగతికి వారానికో పీరియడు చొప్పున పది వారాలు అడిగాను. గీసి గీసి బేరమాడి ఆరు ఇచ్చారు. మొదటి పీరియడుకు డబ్బా, సంచి, చింతగింజలు, గులకరాళ్లు, అడుగున వేసే గుడ్డ సర్దుకుని వెళ్లాను. పోయినేడు చప్పుడు సంగతి చెప్పిన కుర్రాడి తమ్ముడట, ముందు బెంచీలో కూర్చున్నాడు. గుడ్డ చూసి, “మేడమ్, అది నేను పరుస్తాను” అని లేచాడు.